గోదాములో మూడు మైకులు

మా బాపుకు బీదరు గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉండేది. నాకు ఆ పని అబ్బలేదు. గుప్పెడు కందులు చేతిలోకి తీసుకుని ఇది ఔరాద్ మాలు, ఇది భాల్కి మాలు అని బాపు చెప్పేవాడు. నాకు అన్నీ ఒకలాగే కనిపించేవి. చివరికి ఇంట్లో పోరు పెట్టి, చౌబారా బురుజుకు దగ్గరలో ఒక చిన్న మల్గీ, ఒక్క గది కొట్టు, కిరాయికి తీసుకుని మైక్ సెట్ల దుకాణం పెట్టాను. పెళ్ళిళ్ళకు, ఉర్సులకు, సభలకు లౌడ్‌స్పీకర్లు కిరాయికి ఇచ్చేవాణ్ణి. పాడైన రేడియోలు బాగు చేసేవాణ్ణి. మైసూరు రాష్ట్రం పేరు మారి కర్ణాటక అయిన కొత్త రోజులవి. ఆఫీసుల ముందు బోర్డులు ఇంకా ఒక్కొక్కటిగా దింపి రంగు వేస్తున్నారు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అందులో నా గొప్ప ఏమీ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం దవాఖాన జీపు వచ్చి నా దుకాణం ముందు ఆగింది. డ్రైవరు దిగి, చర్చిలో వాడే ఆంప్లిఫైయర్‌ని చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు. నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవాడు, పొడుగు మనిషి. తెలుగు క్రైస్తవుల వాడలో ఆయన ఇల్లు.

"సేఠ్, దీంట్ల గుర్రుమని ఒకటే మోత. జర చూస్తవా?" అన్నాడు.

చూస్తూ ఉంటే మాటలు కలిశాయి. ఆయన ఆదివారాలు చర్చిలో డ్రమ్ములు వాయిస్తాడట. సికింద్రాబాద్‌లో క్లబ్బులో వాయించే ఒకాయన దేశం విడిచి పోతూ తన డ్రమ్ సెట్టు అమ్మేస్తుంటే, ఈయన దవాఖాన పని మీద జీపు తీసుకుని వెళ్ళినవాడు చూసి, బేరం చేసి, జీపు వెనక సీటు మీద కట్టుకుని వచ్చాడు. బీదరులో ఎవరి దగ్గరా అలాంటి సెట్టు లేదు. బ్యాండు పార్టీల దగ్గర మెడకు తగిలించుకునే డ్రమ్ములే ఉండేవి. ఆంప్లిఫైయర్ బాగు చేసి ఇవ్వడానికి నేను ఆ ఆదివారం చర్చికి వెళ్ళాను. పాటల మధ్యలో ఆయన వాయించడం విన్నాను. పాస్టరుగారికి చప్పుడంటే ఇష్టం ఉండదు కాబట్టి పైపైన వాయిస్తున్నాడు. అయినా ఆ కొద్దిలోనే ఆయన చేతుల్లో ఏముందో నాకు అర్థమైంది.

ఆ రోజు నుంచి మేము దోస్తులమయ్యాం. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన కొన్నాళ్ళకు సేఠ్ అనడం మానేసి తమ్మీ అనడం మొదలుపెట్టాడు.

ఆ ఎండాకాలంలో ఆయన ఒక సిగరెట్ పెట్టె అట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దాని మీద మద్రాసు అడ్రసు ఒకటి పెన్సిలుతో రాసి ఉంది. సికింద్రాబాద్‌లో ఎవరిదో పెళ్ళి విందుకు మద్రాసు నుంచి ఆర్కెస్ట్రా వచ్చిందట. వాళ్ళ డ్రమ్మరుకు జ్వరం వచ్చి కూర్చోలేకపోతే, దవాఖాన డాక్టరుగారిని ఆ విందుకు తీసుకువెళ్ళిన ఈయన ధైర్యం చేసి నేను కూర్చుంటానన్నాడు. రెండు పాటలకు వాయించాడు. తర్వాత ఆర్కెస్ట్రా పెద్దాయన పక్కకు పిలిచి మాట్లాడాడు.

"వాళ్ళ డ్రమ్మరు ఈ ఏడాదితోని మానేస్తుండంట. నాకు వచ్చిందంత ఒక టేపుల వాయించి పంపమన్నడు. నచ్చితే పిలుస్త అన్నడు. ఒక్కన్నే వాయించాలె, పాట గీట ఏం వద్దు అన్నడు. చేస్తవా తమ్మీ?"

"చేద్దామన్నా. అదెంత పని?" అన్నాను.

అదెంత పనో ఆ తర్వాత తెలిసింది. హైదరాబాదు ఆబిడ్స్‌లో కొన్న సెకండ్ హ్యాండ్ స్పూల్ టేప్ రికార్డరు, పెద్ద చక్రాలది, ఒకటి నా దగ్గర ఉండేది. మొదట దుకాణంలోనే సెట్టు పెట్టించి, ఎదురుగా ఒక మైకు నిలబెట్టి రికార్డు చేశాను. టేపు వెనక్కి తిప్పి వింటే, ఎవరో ఇత్తడి పళ్ళాలు మెట్ల మీద నుంచి దొర్లించినట్టు సింబళ్ళ మోత తప్ప ఏమీ లేదు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము అసలు వినబడలేదు.

"ఇది డ్రమ్మా, బర్తన్ల దుకాణమా?" అని ఆయన నవ్వాడు.

ఒక శనివారం మధ్యాహ్నం చర్చిలో ప్రయత్నించాం. ఎత్తైన కప్పు, రాతి గోడలు. ఒక దెబ్బ కొడితే అది గోడలకు తగిలి తిరిగి వచ్చేలోపు రెండో దెబ్బ పడుతోంది. అంతా కలిసి గందరగోళంగా వినిపించింది. ఆయన వేళ్ళు ఎంత స్పష్టంగా ఆడినా టేపులో తేలలేదు. గోడలకు దుప్పట్లు కట్టాం. లాభం లేకపోయింది.

అప్పుడు నాకు మా గోదాము గుర్తొచ్చింది. గంజ్‌లో దుకాణం వెనక ఉండేది. ఎర్ర రాతి గోడలే, కానీ ఆ గోడలు కనబడవు. నేల నుంచి దూలం దాకా కంది బస్తాలు, పెసర బస్తాలు, శనగ బస్తాలు. లోపలికి వెళ్ళి మాట్లాడితే మన మాట మన నోటి దగ్గరే ఆగిపోయినట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఆ సంగతి నాకు తెలుసు. దానివల్ల ఉపయోగం ఉంటుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

చెబితే ఆయన టేపు చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు.

"మీ బాపును అడిగినవా?" అన్నాడు చివరికి.

"అడిగిన. సరేనన్నడు" అన్నాను.

అడగలేదు. అడిగితే బాపు ఏమంటాడో నాకు తెలుసు, అన్నకూ తెలుసు. ధాన్యం ఉన్న చోటికి ఎవరు రావచ్చు, ఎవరు గడప అవతల నిలబడాలి అన్నది బాపు ఎన్నడూ నోటితో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. చర్చికి పోయినా, పేరు మార్చుకున్నా, రెండు తరాల కింద వాళ్ళ తాత ఏ వాడలో ఉండేవాడో గంజ్‌లో అందరికీ గుర్తే.

అమావాస్యకు గంజ్ బంద్. బాపు ఆ రోజుల్లో ధన్నూరలో మా అత్త ఇంటికి పోయి సాయంత్రం దాకా ఉండేవాడు. అలా రెండు అమావాస్యలు మాకు దొరికాయి.

మొదటి అమావాస్య అంతా మైకులు పెట్టే చోటు వెతకడంతోనే గడిచింది. నా ఆంప్లిఫైయర్‌కు మూడు మైకులు పెట్టే వీలే ఉంది. నాలుగోది ఉన్నా పెట్టడానికి చోటు లేదు. ఆ మూడింటిలో రెండు పెళ్ళిళ్ళలో, సభల్లో అరిచి అరిచి అరిగిపోయినవి. ఒకటి మాత్రం కాస్త మంచిది. ఆ మంచి మైకును, పెద్ద త్రాసు వేలాడదీసే కొక్కేనికి తాడు కట్టి ఆయన తల పైన వేలాడదీశాను. రెండోదాన్ని ఆయన కుడి భుజం వెనక నుంచి, మోకాళ్ళ మధ్య ఉండే చిన్న స్నేర్ డ్రమ్ము వైపు చూసేట్టు పెట్టాను. మూడోది పెద్ద డ్రమ్ము ముందు, నేల మీద మడిచిన గోనె సంచి మీద.

ఒక్కొక్క మైకు విడిగా వింటే బాగుంది. మూడూ కలిపితే పెద్ద డ్రమ్ములో ప్రాణం పోతోంది. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాను. ఆయన విసుక్కోకుండా అదే దెబ్బ మళ్ళీ మళ్ళీ కొడుతూ కూర్చున్నాడు. చివరికి ఎందుకో అనుమానం వచ్చి, నేల మీద మైకు ప్లగ్గు విప్పి అందులో రెండు తీగలను అటుదిటు మార్చి టంకం వేశాను. అంతే, పెద్ద డ్రమ్ము ఒక్కసారిగా లేచి కూర్చుంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతకుముందు ఒక మైకు తోస్తుంటే ఇంకోటి లాగుతోందన్నమాట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. తర్వాత బస్తాలు కుట్టే సుతిలి తీసుకుని, స్నేర్ డ్రమ్ము నడిమి నుంచి పై మైకుకు ఎంత దూరమో, భుజం వెనక మైకుకూ అంతే దూరం ఉండేట్టు కొలిచి సర్దాను. దెబ్బ ఇంకా గట్టిగా, దగ్గరగా వినబడింది. ఆయన తన తువ్వాలు మడిచి పెద్ద డ్రమ్ము లోపల పెట్టాడు. చర్మాలు బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ బిగించాడు.

నా జీవితంలో నేను చేసిన పనుల్లో అదొక్కటే పూర్తిగా నా తెలివితో చేసింది. దాన్ని నేనే ఏం చేశానో చెప్పడానికే ఇదంతా.

రెండో అమావాస్యకు పొద్దున్నే సెట్టు జీపులో తెచ్చి దించాం. మధ్యాహ్నం దాకా వాయించాడు. మొదట సినిమా పాటల దరువులు, తర్వాత ఇంగ్లీషు డ్యాన్సు దరువులు, తర్వాత మెల్లగా మొదలై గుర్రం దౌడు తీసినట్టు పెరిగే ఒకటి. టేపు ఇంకా కొంత మిగిలింది.

"ఇంక నాలుగు నిమిషాలున్నయన్నా. ఏమన్నా ఉంటే వాయించు" అన్నాను.

ఆయన వంగి స్నేర్ డ్రమ్ము కింద ఉండే తీగలను వదులు చేశాడు. కర్రలు పక్కన పెట్టి, బస్తాల మీద నుంచి సన్నటి వెదురు పుల్ల ఒకటి తీసుకున్నాడు. ఒక చేతిలో పుల్ల, ఇంకో చేతి వేళ్ళు. అది డప్పు. డ్రమ్ము మీద డప్పు వాయిస్తున్నాడు. కింద కాలు మాత్రం పెద్ద డ్రమ్మును ఆగి ఆగి కొడుతోంది. నేను బొమ్మలా కూర్చున్నాను. టేపు అయిపోయి చక్రం ఊరికే తిరుగుతున్నా ఆయన ఆపలేదు.

"మా తాతది" అన్నాడు చెమట తుడుచుకుంటూ. "మా నాయన ఇది ముట్టనే లేదు. చర్చిల పెద్దలు వింటే నన్ను బయటికి తోల్తరు. మద్రాసోళ్ళకు తెలవదు గద, మంచిగుంటది అనుకుంటరు."

అప్పటికి ఆయన భార్య టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. దవాఖానలోనే ఆయా పని చేసేది. గోదాము గడప దగ్గర ఆగిపోయింది.

"లోపలికి రా అక్కా" అన్నాను.

"వద్దు. ఈడనే ఉంట" అంది.

టేపు వెనక్కి తిప్పి వినిపించాను. ఆమె గడప అవతల నిలబడే విన్నది, డబ్బా చేతిలో అలాగే ఉంది. ఆయన బస్తా మీద కూర్చుని తల వంచుకుని విన్నాడు. అయిపోయాక ఆమె, "ఇది నువ్వు వాయించిందేనా?" అని అడిగింది. ఆయన తల ఎత్తాడు. నన్ను చూసి, "ఇంకొకసారి పెట్టు తమ్మీ" అన్నాడు.

టేపు నా దగ్గరే ఉంచుకున్నాను. గుల్బర్గాలో తెలిసినవాడి దగ్గర ఇంకో రికార్డరు ఉంది, అది తెచ్చి నకలు తీసి, నకలును మద్రాసు పంపుదాం, అసలుది మన దగ్గర ఉంటుంది అన్నాను. మంచి ఆలోచనే. ఆ రికార్డరు ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని మూడు వారాలు గడిచాయి.

ఆ వారాల్లోనే ఊరికి ఒక స్వామివారు వచ్చారు. గంజ్ వర్తకులందరూ కలిసి ప్రవచనం పెట్టించారు. ముందుండి చేయిస్తున్నవాళ్ళలో మా బాపు ఒకడు. మైక్ సెట్టు సహజంగా నాదే. ప్రవచనానికి వెళ్ళబోయే ముందు బాపు దుకాణానికి వచ్చాడు. ఆయన నా దుకాణం మెట్టెక్కడం అదే మొదటిసారి.

"స్వామోరి మాటలు టేపుల పట్టుమంటున్నరు అందరు. కార్తీక ఏకాదశి నాడు గంజ్‌ల పెట్టుకుందుమంటున్నరు" అన్నాడు.

"టేపులు ఖాళీ లేవు బాపు. హైదరాబాదు నుంచి రావాలె."

"ఒక్కటి గూడ లేదా? ఇన్ని పెట్టుకున్నవ్ గద."

అల్మారా వైపు చూపించాడు. పెద్ద స్పూళ్ళు మూడే ఉన్నాయి. ఒకటి మా అక్క పెళ్ళిలో పట్టింది. ఒకటి రేడియోలో వచ్చిన సినిమా పాటలు, పెళ్ళిళ్ళకు కిరాయికి పోయేది. మూడోది డ్రమ్ములది.

బాపు నన్ను ఏది చెరపమనీ చెప్పలేదు. "ఏదో ఒకటి చూడు. నువ్వు ఈ దుకాణం పెట్టినంక నేను అడిగింది ఇది ఒక్కటే" అన్నాడు. అన్నాక పైకండువా సర్దుకుని మెట్టు దిగి పోయాడు.

నేను ఎంతో ఆలోచించి బాధపడి నిర్ణయం తీసుకున్నానని చెబితే అబద్ధం. చెయ్యి నేరుగా మూడోదాని మీదికే వెళ్ళింది. అక్క పెళ్ళిది చెరిపితే ఇంట్లో ఏడుపు. పాటలది చెరిపితే గిరాకీలు అడుగుతారు. డ్రమ్ములది చెరిపితే ఎవరూ ఏమీ అనరు. అన్న మంచివాడు, చెబితే ఇంకో అమావాస్యకు మళ్ళీ వాయిస్తాడు. మైకులు ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు కదా. అంతే అనుకున్నాను. ఆ సాయంత్రం స్వామివారి గొంతు నెమ్మదిగా ఆ టేపు మీదికి ఎక్కుతుంటే, బాపు ముందు వరసలో కూర్చుని తల ఎత్తి ఒకసారి నా వైపు చూశాడు. నాకు సంతోషం వేసింది. అది కూడా రాయాలి.

మూడు రోజుల తర్వాత ఆయన జీపు ఆపి అడిగాడు.

"ఏమైంది తమ్మీ, రికార్డరు వచ్చిందా?"

చెప్పవలసిన క్షణం అదే. ఆయన మొహం చూశాను. చెప్పలేకపోయాను.

"వచ్చింది. నకలు తీసి పంపిన. నిన్ననే పోస్టుల ఏసిన" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా ఒకసారి నొక్కి, జీపెక్కి పోయాడు.

రేపు మళ్ళీ రికార్డు చేసి పంపితే ఈ మాట నిజమైపోతుంది అనుకున్నాను. కానీ పంపానని చెప్పాక, మళ్ళీ వాయించమని ఏమని అడగాలి? బాపుకు కూడా ఈలోగా గోదాము సంగతి తెలిసింది. హమాలీ ఎవరో చెప్పాడు. బాపు నన్ను తిట్టలేదు. గోదాములో సాంబ్రాణి వేయించాడు, తాళం మార్పించాడు. అంతే. మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

దవాఖాన టపా పోస్టాఫీసు నుంచి తెచ్చేది ఆయనే. రోజూ ఆ కాగితాలన్నీ తిప్పి తిప్పి చూసేవాడని తర్వాత విన్నాను. ఆ వానాకాలంలో దవాఖాన వాళ్ళు ఆయనకు ఉండటానికి క్వార్టర్స్ ఇస్తామన్నారు. నేను మద్రాసు పోయేటోన్ని, ఇంకెవరికన్నా ఇవ్వండి అన్నాడట. ఆయన భార్య ఆ మాట మీద ఎన్నాళ్ళు కొట్లాడిందో నాకు తెలియదు. వాళ్ళ ఇల్లు ఒకవైపు వానకు కురిసేది. ఈ సంగతులన్నీ నాకు తెలుస్తూనే ఉన్నాయి. తెలిసిన ప్రతిసారీ చెప్పడం ఇంకా కష్టమైంది.

"ఉత్తరం రాలే" అనేవాడు అప్పుడప్పుడు. "బిజీగ ఉండొచ్చు" అనేవాణ్ణి. తర్వాత అడగడం మానేశాడు. ఒకసారి మాత్రం, "నచ్చలేదేమో. మంచిగనే వాయించిన అనుకున్న" అన్నాడు. నేను ఏదో రేడియో విప్పుతున్నట్టు తల వంచుకున్నాను.

కార్తీక ఏకాదశి పొద్దున గంజ్‌లో స్వామివారి ప్రవచనం పెట్టారు. రెండు కొమ్ము స్పీకర్లు దుకాణాల మీద కట్టాను. అందరూ చేతులు కట్టుకుని నిలబడి విన్నారు. ప్రవచనం పూర్తయింది. జనం కదలబోతున్నారు, కొబ్బరికాయ కొట్టబోతున్నారు. నేను ప్రసాదం తీసుకుంటూ మిషను దగ్గర లేను.

అప్పుడు స్పీకర్లలో డప్పు మోగింది.

స్వామివారు టేపు అయిపోవడానికి ముందే ముగించారు. చివర్లో మిగిలిన ముక్క మీద ఏమీ పడలేదు. అది అలాగే ఉండిపోయింది. గంజ్ అంతా ఆ డప్పు వినబడింది. పూజ దగ్గర ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. ఎవరో నవ్వారు. ఒక పెద్దాయన, "ఎవని డప్పురా ఇది, ఈడ?" అన్నాడు. నేను జనంలోంచి తోసుకుని మిషను దగ్గరికి పరిగెత్తాను. అర నిమిషం పట్టి ఉంటుంది.

ఆపి తల ఎత్తితే, అవతల బియ్యం దుకాణం ముందు దవాఖాన జీపు ఉంది. దవాఖాన వంటశాలకు బస్తాలు వేయించుకోవడానికి ఆయన వచ్చాడు. స్టీరింగు మీద రెండు చేతులు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. బస్తాలు ఎక్కాయని హమాలీ జీపు రేకు మీద కొడితే గానీ కదల్లేదు.

బాపు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కోసెయ్" అన్నాడు మెల్లగా. అందరి ముందు బ్లేడు తీసి ఆ టేపు ముక్క కోశాను. ఎక్కడ పడేయాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నాను. దాచుకున్నానని అనుకోవద్దు. రెండు రోజుల తర్వాత ఆ చొక్కా ఉతకడానికి పోయింది. ముక్క ఉండచుట్టుకుపోయి, మడతలు పడి, దేనికీ పనికిరాకుండా తిరిగి వచ్చింది.

మర్నాడు పొద్దున ఆయన దుకాణానికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పోస్టు చేసినవా?"

"లేదు."

"నకలు తీసినవా?"

"లేదన్నా."

"ఎప్పుడు చెరిపినవ్?"

చెప్పాను. ఆ రోజు నుంచి ఈ రోజుకు ఎన్ని నెలలో ఆయన మనసులో లెక్క వేసుకున్నట్టున్నాడు.

"ఇంక వేరే టేపులు లేకుండెనా ఆ దినం?"

"రెండుండె."

"వాటిల ఏమున్నది?"

"ఒకటి అక్క పెండ్లిది. ఒకటి రేడియోల వచ్చిన పాటలు."

"రేడియోల వచ్చిన పాటలు" అన్నాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు రేడియోలో మళ్ళీ వచ్చే పాటలు. ఆయన ఆ మాట అనలేదు. అనకపోయినా నేను విన్నాను.

"మళ్ళ టేపు పడదామన్నా. ఈసారి ఎక్కడన్నా మంచి చోటు చూసి..."

"మీ బాపు సరేనన్నడని చెప్తివి. అది గూడ అబద్ధమేనా?"

నా చూపు బల్ల మీదికి పోయింది. ఆయన తల ఊపాడు.

"నాకు ఆ దినమే అనుమానం ఉండె సేఠ్. అయినా వచ్చిన. తప్పు నాది గూడ ఉన్నది" అన్నాడు. మెట్లు దిగి నడిచి పోయాడు. ఆ రోజు జీపు కూడా తేలేదు.

వారం తర్వాత సెలవు పెట్టి మద్రాసు వెళ్ళాడని తెలిసింది. ఆ అడ్రసు పట్టుకుని, కర్రలు సంచిలో వేసుకుని, టేపు లేకుండానే పోయాడు. పదిహేను రోజుల్లో తిరిగి వచ్చాడు. ఆర్కెస్ట్రా పెద్దాయన గుర్తుపట్టాడట, కూర్చోబెట్టి కాఫీ కూడా ఇప్పించాడట. ఆరు నెలలు చూశాం, టేపు రాకపోయేసరికి నీకు మనసు లేదనుకున్నాం, మొన్న దీపావళికే వేరే అతన్ని పెట్టుకున్నాం అన్నాడట. ఇదంతా నాకు చర్చిలో హార్మోనియం వాయించే మాస్టారు చెప్పాడు. అన్న చెప్పలేదు. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. బజారులో ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు కాదు. సేఠ్ బాగున్నవా అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా పోయేవాడు. మొహం తిప్పుకుని ఉంటే నాకు నయంగా ఉండేది.

ఆ ఏడాది క్రిస్మస్‌కు చర్చిలో డ్రమ్ములు లేవు. గుల్బర్గా బ్యాండు పార్టీ ఒకటి సెట్టు కొనుక్కుపోయిందని విన్నాను. తర్వాత ఆయన దవాఖాన పని కూడా మాని, హుమ్నాబాద్‌లో ఒక లారీ ఆఫీసులో కుదిరి, సంసారం అక్కడికి మార్చుకున్నాడు. బీదరులో ఆయన్ని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. నా దుకాణం మాత్రం బాగా పెరిగింది. ప్రవచనం టేపు ఎంతోమంది అడిగి వినేవారు. అందులో స్వామివారి గొంతు చాలా స్పష్టంగా వచ్చిందని మెచ్చుకునేవారు.

నాలుగైదేళ్ళు గడిచాక ఒక రోజు హుమ్నాబాద్ వెళ్ళాను. ఏదో పని ఉందని ఇంట్లో చెప్పాను గానీ, పని ఏమీ లేదు. లారీ ఆఫీసులో అడిగితే ఇల్లు చూపించారు. రోడ్డు పక్కనే, లారీలు పోయినప్పుడల్లా తలుపు గొళ్ళెం కొట్టుకునే ఇల్లు. ఆయన భోజనానికి వచ్చి ఉన్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. బాపు ఎట్లున్నడు అన్నాడు. పోయిన ఏడాది పోయాడని చెప్తే, అయ్యో అన్నాడు. నిజంగానే అన్నాడు. డీజిల్ ధర గురించి, హైదరాబాదు రోడ్డు మీద గుంతల గురించి మాట్లాడాడు. నేను చెప్పాలనుకుని వచ్చింది చెప్పడానికి సందు దొరకలేదు. చివరికి బయటపెట్టాను.

"అన్నా, నేను చేసింది మామూలు తప్పు కాదు. ఎన్నడూ చెప్పలేకపోయిన. క్షమించాలె."

ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకున్నాడు. "అయిపోయింది సేఠ్. ఇప్పుడెందుకు అవన్ని" అని, ఆఫీసుకు టైమైందని చెప్పులేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. గొళ్ళెం సరిచేసి పోయాడు.

ఆయన వెళ్ళాక ఆయన భార్య చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టి నిలబడింది.

"ఇంక రావద్దు మీరు" అంది.

నేను తల ఎత్తాను.

"ఆయన ఏం అనడు. అనేటోడైతే ఆనాడే అనేటోడు. మీరు వచ్చి క్షమించుమంటరు, మీకు మంచిగ అనిపిస్తది, మీరు పోతరు. ఆయన మళ్ళ పది దినాలు ఎవ్వలతోని మాట్లాడడు. అది నేను చూడాలె."

కోపంగా అనలేదు. దవాఖానలో రోగుల బంధువులకు చెప్పినట్టు, విడమరిచి చెప్పింది. చాయ్ తాగలేక, తాగకుండా లేవలేక, వేడిదే రెండు గుక్కల్లో తాగేశాను. గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళింది.

బీదరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆమె చెప్పినట్టే జరిగింది. ఊరు దాటేసరికి నాకు ఒంట్లో కాస్త తేలిగ్గా అనిపించింది. క్షమించమని అడిగేశాను కదా అనుకున్నాను. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ ఆ తేలిక మాత్రం పోలేదు. ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని, ఆ రోజు భోజనం బాగానే చేశాను.